యాషికా ఎలక్ట్రో 35: పాడైందని పారేసే ముందు బ్యాటరీ చూడండి

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లలో ఒకప్పుడు టేప్‌రికార్డర్, కంబళితో పాటు కెమెరా కూడా ఉండేది. అబ్బా పోయాక అల్మారా సర్దుతుంటే తోలు కవరులో బరువుగా ఒక యాషికా బయటపడుతుంది. బటన్ నొక్కితే టక్‌మంటుంది కానీ లైట్లేవీ వెలగవు. పాడైపోయిందని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. అది ఎలక్ట్రో 35 అయితే మాత్రం కాస్త ఆగాలి.

జపాన్ కంపెనీ యాషికా ఈ మోడల్‌ను 1966లో తెచ్చింది. తర్వాత వచ్చిన రకాల్లో 1973 నాటి జీఎస్‌ఎన్ ఇప్పటికీ ఎక్కువగా కనిపిస్తుంది. లెన్స్ బాడీకే బిగించి ఉంటుంది, విప్పి ఇంకోటి పెట్టడానికి వీల్లేదు. 45 ఎంఎం, ఎఫ్ 1.7 లెన్స్ అది. తక్కువ వెలుతురులోనూ పనికొచ్చేంత పెద్ద కన్ను అన్నమాట. ఫోకస్ కోసం వ్యూఫైండర్ మధ్యలో చిన్న మచ్చ ఉంటుంది. అందులో మనిషి రెండుగా కనిపిస్తే, రింగ్ తిప్పి రెండిటినీ ఒక్కటి చేయాలి. అంతే.

షట్టర్ స్పీడ్‌కు నంబర్ల రింగే లేదు. లెన్స్ ఎంత తెరుచుకోవాలో (ఎపర్చర్) మనం పెడితే, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో లోపలి సర్క్యూట్ వెలుతురు కొలిచి తేలుస్తుంది. సెకనులో 500వ వంతు నుంచి 30 సెకన్ల దాకా ఎంతైనా కావచ్చు. బటన్ సగం నొక్కినప్పుడు పసుపు లైట్ వెలిగితే స్పీడ్ 30వ వంతు కన్నా తగ్గిందని అర్థం. కెమెరాను గోడకో బల్లకో ఆనించాలి, లేదంటే ఫొటో చెదురుతుంది. ఎరుపు వెలిగితే వెలుతురు ఎక్కువైంది, ఎపర్చర్ తగ్గించాలి. ఏ లైటూ వెలగకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టు.

చిక్కంతా ఇక్కడే. బ్యాటరీ లేకపోయినా ఏ లైటూ వెలగదు! షట్టర్ మాత్రం పడుతూనే ఉంటుంది, కాకపోతే ప్రతిసారీ 500వ వంతు స్పీడ్‌లోనే. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినవి ఎలాగో వస్తాయి. ఇంట్లో తీసిన నిఖా ఫొటోలు మాత్రం నెగెటివ్‌లో ఖాళీ. రోల్ మొత్తం అలా పోగొట్టుకుని కెమెరాను తిట్టుకునేవాళ్లు ఉంటారు.

అందుకే ముందు వెనకవైపు ఉన్న చిన్న చెక్ బటన్ నొక్కాలి. పచ్చ లైట్ రావాలి. దీనికి మొదట్లో వాడింది 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ. పాదరసం వల్ల అలాంటివి ఇప్పుడు తయారు కావడం లేదు. దాని బదులు 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 వాడతారు. అది సైజులో చిన్నది కాబట్టి అడాప్టర్ కావాలి. దొరక్కపోతే చుట్టూ కాగితం చుట్టి, ఖాళీ జాగాలో స్ప్రింగ్ పెట్టి సరిచేసేవాళ్లూ ఉన్నారు. వోల్టేజీలో ఆ కొద్ది తేడాను కెమెరా పెద్దగా పట్టించుకోదు. అరలో పాత బ్యాటరీ కారి పచ్చగా పేరుకుని ఉంటే ముందు దాన్ని శుభ్రం చేయాలి.

బ్యాటరీ బాగున్నా లైట్లు సరిగా రాకపోతే లోపల చిన్న రబ్బరు ముక్క అరిగిపోయి ఉండవచ్చు. ఈ మోడల్‌కు ఇది పాత జబ్బే. ఫిల్మ్ తిప్పే లీవర్ లాగినప్పుడు 'టక్' అన్న శబ్దం రాకపోతే అనుమానించాలి. బాగుచేయాలంటే పై మూత విప్పాలి, ఇంట్లో చేసే పని కాదు. వెనక తలుపు అంచుల్లోని నురగ కూడా ఏళ్లు గడిచేసరికి జిగురుగా మారి వెలుతురును లోపలికి రానిస్తుంది. అది మార్చడం తేలిక.

ఇంకో జాగ్రత్త. ఇందులో మనం చూసేది లెన్స్ గుండా కాదు, పక్కనున్న అద్దం గుండా. క్యాప్ తీయడం మరిచినా దృశ్యం చక్కగానే కనిపిస్తుంది, ఫిల్మ్ మీద మాత్రం ఏమీ పడదు.

అమ్మకానికి పెట్టేవాళ్లు దీన్ని 'రేర్ పీస్' అంటారు. ఎలక్ట్రో 35 రకాలు లక్షల్లో అమ్ముడయ్యాయి, అరుదేమీ కాదు. ధర మోడల్ పేరును బట్టి కాదు, పచ్చ లైట్, లీవర్ శబ్దం, లెన్స్‌లో ఫంగస్ ఉందా లేదా అన్నవాటిని బట్టే ఉండాలి. కొన్నాక వాడకం ఖర్చు వేరు. 36 ఫొటోల రోల్ ధరకు డెవలప్, స్కాన్ ఖర్చులు కలిపి 36తో భాగిస్తే ఒక్కో క్లిక్ ఎంత పడుతుందో తేలుతుంది.