పోటీ నాడు కాదు.. సాధన నాడే ముప్పు
ఈత, సైకిల్, పరుగు: ట్రయథ్లాన్‌కు శని, ఆదివారాలే కీలకం

భీమునిపట్నం: ఈత ముగించి ఒడ్డుకు చేరగానే సైకిల్ ఎక్కాలి. సైకిల్ దిగగానే పరుగు అందుకోవాలి. మధ్యలో విశ్రాంతి లేదు. గడియారం ఆగదు. ఈ మూడింటి కలయికే ట్రయథ్లాన్. వారమంతా ఉద్యోగ, వ్యాపారాల్లో తలమునకలయ్యే వారికి దీర్ఘ సాధన చేసేందుకు శని, ఆదివారాలే దిక్కు. పోటీ నాడు సముద్రంలో రక్షక పడవలు, దారి పొడవునా మంచినీటి కేంద్రాలు, వైద్య బృందాలు సిద్ధంగా ఉంటాయి. సాధన నాడు ఇవేవీ ఉండవు. అందువల్ల ఆ రెండు రోజులు ఎన్ని కిలోమీటర్లు పూర్తిచేశారన్న దానికన్నా, ఎంత క్షేమంగా పూర్తిచేశారన్నదే ముఖ్యం.

15 మందితో మొదలు
ఆధునిక ట్రయథ్లాన్ 1974లో అమెరికాలోని శాన్‌డియాగోలో పురుడు పోసుకుంది. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లోని ఓహులో నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్ చొరవతో తొలి ‘ఐరన్‌మ్యాన్’ పోటీ జరిగింది. 15 మంది బరిలోకి దిగగా 12 మంది గమ్యం చేరారు. ఇందులో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం, 42.2 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు లభించింది. అక్కడి దూరాలు 1.5, 40, 10 కిలోమీటర్లు మాత్రమే. ఐరన్‌మ్యాన్‌లో సగం దూరం గల పోటీని 2019లో గోవాలో తొలిసారి నిర్వహించారు. ఇందులో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు పూర్తిచేయాలి.

శనివారం సైకిల్.. వెంటనే పరుగు
సగం దూరపు పోటీకి సిద్ధమయ్యేవారు సాధారణంగా శనివారం తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలపాటు సైకిల్ తొక్కుతారు. విశాఖ నుంచి భీమిలికి తీర రహదారి సుమారు పాతిక కిలోమీటర్లు. పోటీలోని 90 కిలోమీటర్లు తొక్కాలంటే ఈ దారిలో ఇంచుమించు రెండుసార్లు వెళ్లి రావాలి. సైకిల్ దిగిన వెంటనే 20, 30 నిమిషాలు పరుగెత్తుతారు. గంటల తరబడి పెడలు తొక్కిన కాళ్లు పరుగుకు ఒక పట్టాన లొంగవు. మొదటి కిలోమీటరులో అడుగులు బరువెక్కుతాయి. ఆ మార్పును శరీరానికి అలవాటు చేయడమే ఈ జంట సాధన ఉద్దేశం.

ఆదివారం ముందురోజు అలసట తీరని కాళ్లతోనే గంటన్నర, రెండు గంటలు నెమ్మదిగా పరుగెత్తుతారు. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే దీనికి సరైన కొలమానం. రొప్పు వస్తున్నదంటే వేగం తగ్గించాలి. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవాలి తప్ప ఒక్కసారిగా రెట్టింపు చేయరాదు.

ఈతలోనే అధిక మరణాలు
అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయథ్లాన్ పోటీలపై అధ్యయనం చేసిన వైద్యులు మరణాలు, గుండె ఆగిన ఘటనలు కలిపి 135 నమోదైనట్లు గుర్తించారు. వాటిలో 90 ఈతలోనే సంభవించాయి. బాధితుల్లో అత్యధికులు పురుషులు. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరిగినట్లు కూడా తేలింది. నలభై దాటినవారు, కుటుంబంలో గుండె జబ్బులున్నవారు సాధన మొదలుపెట్టే ముందే వైద్య పరీక్ష చేయించుకోవడం అందుకే అవసరం.

కొలనులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో దిగవచ్చని భావించరాదు. కొలనులో అడుగున గీత కనిపిస్తుంది, అలసిపోతే పట్టుకునేందుకు గట్టు ఉంటుంది. సముద్రంలో ఆ రెండూ ఉండవు. కొన్ని బారలకోసారి తల ఎత్తి ఒడ్డున ఉన్న గుర్తును చూసుకోకుంటే దారి తప్పుతారు. విశాఖ తీరంలో ఒడ్డు నుంచి లోపలికి బలంగా లాగే ప్రవాహాలు ప్రాణాంతకమవుతున్నాయి. రెండు వైపులా అలలు విరుగుతుండగా మధ్యలో నీరు ప్రశాంతంగా కనిపించే చోటే తరచూ ఈ ప్రవాహం ఉంటుంది. అందులో చిక్కితే ఎదురీదరాదు. ఎదురీది అలసిపోయినవారే ఎక్కువగా మునిగిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు మళ్లాలి. శక్తి లేకుంటే వెల్లకిలా తేలుతూ చేయెత్తి సాయం కోరాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ వెలువరించే అలల హెచ్చరికలను చూసుకోవాలి. స్థానిక మత్స్యకారులు వద్దన్న చోట దిగకూడదు. ఒంటరిగా ఎన్నడూ ఈదకూడదు.

నీరు తక్కువైనా, ఎక్కువైనా చేటే
చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. గంటల తరబడి సాధన చేస్తూ దాహానికి మించి ఉత్త నీరే తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వికారం, తలనొప్పి, అయోమయం కలుగుతాయి. తీవ్రమైతే మూర్ఛ వచ్చి ప్రాణాలే పోవచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉన్నట్లు తేలింది. పరుగులో బరువు పెరిగినవారికే ఈ ముప్పు అధికం.

సాధనకు ముందు, తర్వాత బరువు చూసుకుంటే లెక్క తెలుస్తుంది. తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరు నీరు పోయినట్లు. బరువు పెరిగితే అవసరానికి మించి తాగినట్లే. కొబ్బరినీళ్లలో పొటాషియం మెండుగా ఉన్నా సోడియం తక్కువ. ఉప్పు కలిపిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ ద్రావణం ఆ లోటు తీరుస్తాయి. ఓఆర్‌ఎస్ పొడిని పొట్లంపై సూచించిన నీటి కొలతలోనే కలపాలి. గంట దాటిన సాధనలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థాలు అవసరం. ఒక అరటిపండులో దాదాపు 25 గ్రాములు లభిస్తాయి. ఖర్జూరం, బెల్లం కూడా ఉపకరిస్తాయి.

వడదెబ్బ తగిలితే..
తీరంలో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరక ఒళ్లు చల్లబడదు. అందువల్ల వేసవిలో ఎండ ముదరక ముందే సాధన ముగించాలి. వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. తోటివాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వడదెబ్బగా అనుమానించాలి. అప్పటికే శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేదాకా ఎదురుచూడకుండా అక్కడే చల్లబరచడం ప్రారంభించాలి. నీడకు చేర్చి, చల్లని నీళ్లు ధారగా పోస్తూ విసరాలి. తొట్టి అందుబాటులో ఉంటే మెడ వరకు చల్లని నీటిలో ఉంచడం మేలు. తొలి అరగంట అత్యంత విలువైనది. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు.

బయలుదేరే ముందు..
* వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ ఇంట్లో చెప్పాలి.
* హెల్మెట్, వెనుక ఎర్రదీపం, అదనపు ట్యూబు, గాలిపంపు తప్పనిసరి.
* పేరు, రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ జేబులో ఉంచుకోవాలి.
* ఈతలో ముదురు రంగు టోపీ వద్దు. దూరానికి కనిపించే రంగే మేలు.
* ఛాతీలో నొప్పి, అసాధారణ ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే సాధనను అక్కడితో ఆపాలి. నష్టపోయిన ఒక్క వారాన్ని మరో వారం పూడ్చుకోవచ్చు.