సీటు పక్కన రెండు లీవర్లు

చిన్న ట్రాక్టరు కొనడం కన్నా దాని సీటు పక్కనున్న లీవర్లను అర్థం చేసుకోవడమే కష్టమంటారు మా బావగారు. గూడూరు దగ్గర ఆయనకు నాలుగెకరాల నిమ్మతోట ఉంది. నిమ్మచెట్టుకు ఆహారం అందించే సన్నని వేళ్ళు నేల పైపొరల్లోనే పరుచుకుని ఉంటాయి. గొర్రు నాలుగంగుళాలు ఎక్కువ దిగిందా, ఆ వేళ్ళు తెగుతాయి, కాపు దెబ్బతింటుంది. అందుచేత ఈ లీవర్ల సంగతి ఆయనకు కాలక్షేపం కాదు. మొన్న సెలవుల్లో వెళ్ళినప్పుడు నేనూ రెండు పూటలు ఆయన వెంట తిరిగి చూశాను.

ఇంజను తిరుగుతూంటే ఒక పంపు ఆయిలును ఒత్తిడితో సిలిండరులోకి తోస్తుంది. ఆ ఒత్తిడికి పిస్టను కదిలి, గొర్రును మోసే చేతులు పైకి లేస్తాయి. దింపడంలో మాత్రం పంపు ప్రమేయం లేదు. లీవరు కిందికి జరిపితే ఆయిలుకు తిరిగిపోయే దారి దొరుకుతుంది. గొర్రు తన బరువుతో తానే దిగుతుంది. డ్రైవరు కుర్రాడు గట్టినేలలో కర్రు దిగడం లేదని లీవరును పళ్ళు బిగించి నొక్కుతున్నాడు. పాపం, ఎంత నొక్కినా అది గొర్రును నేలలోకి తోయదు! అక్కడ కావలసింది కర్రుకు పదును, నేలకు కాస్త తడి. లేదా టాప్ లింకు కొంచెం పొట్టిచేసి కర్రు మొన కిందికి వంచడం.

ఇక రెండు లీవర్లెందుకు? ఒకటి పొజిషన్ లీవరు. దాన్ని ఎక్కడ నిలిపితే చేతులు ఆ ఎత్తునే నిలుస్తాయి. రెండోది డ్రాఫ్ట్ లీవరు. అది ఎత్తును చూడదు. నేల గొర్రును ఎంత బలంగా పట్టి ఆపుతోందో చూస్తుంది. పట్టు ఎక్కువైతే కాస్త లేపుతుంది, తగ్గితే మరికాస్త దింపుతుంది. ఈ యుక్తి ఐర్లండు దేశస్థుడు హారీ ఫెర్గూసన్‌ది. 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరుతోనూ, 1939లో ఫోర్డు 9ఎన్‌తోనూ అది రైతుల పొలాల్లోకి వచ్చింది. బీడు దున్నేవాడికి నిజంగా వరమే. నిమ్మతోటలో అదే చిక్కు! ఎరువు వేసి, నీరు పెట్టిన మెత్తని చోటే సన్నవేళ్ళు దట్టంగా ఉంటాయి. సరిగ్గా అక్కడే గొర్రు లోతుకు పోతుంది. అందుకని చెట్ల మధ్య బావగారు పొజిషన్ లీవరుతోనే పని నడిపిస్తారు.

సీటు కింద ఒక గుండ్రటి పిడి కూడా ఉంది. గొర్రు ఎంత వేగంగా దిగాలో అది నిర్ణయిస్తుంది. బరువైన రోటవేటరు తగిలించినప్పుడు దాన్ని నెమ్మది వైపు తిప్పుకోవడం మేలు.

పిల్లలున్న ఇళ్ళవారు ఒక్క సంగతి గమనించాలి. దిగడానికి ఇంజనుతో పని లేదన్నాను కదా! ఇంజను ఆపేసి, గొర్రును గాలిలోనే వదిలేస్తే, ఏ పిల్లవాడో లీవరు కదిపినా అది దభీమని కిందపడుతుంది. కింద ఎవరైనా ఉంటే అంతే సంగతులు. మా అక్కయ్యకు ట్రాక్టరు గురించి మరేమీ తెలియదు గాని, వాకిట్లో బండి చప్పుడు ఆగగానే వంటింట్లోంచి “గొర్రు నేలమీద పెట్టారా?” అని కేకేస్తుంది. జవాబు వచ్చాకే కాఫీ.