మహల్ పోయింది... మహాకాయుడు మిగిలాడు!

దూరం నుంచి చూస్తే చెరువు గట్టున ఓ రాతిగుట్ట. కాస్త దగ్గరికి వెళితే ఆ గుట్టకు గడ్డం కనిపిస్తుంది. ఆపైన భుజాలు, మోకాళ్లు, కిందికి చూస్తున్న ముఖం! ఎడమచేత్తో ఓ వింత జంతువు తలను అదిమిపట్టి కూర్చున్న ఆ మహాకాయుడి ఎత్తు ముప్ఫై అడుగులకు పైనే. పక్కన నిలబడితే మనిషి బొమ్మలా కనిపిస్తాడు.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి ఉత్తరాన, సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ప్రాతొలీనో తోటలో ఉందీ విగ్రహం. పేరు అపెన్నీనో. ఇటలీకి వెన్నెముకలా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే అపెన్నైన్ పర్వతాలకు శిల్పి ఇచ్చిన మానవరూపం ఇది.

నాలుగు శతాబ్దాల కిందట ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదిచి వంశీయుడు ఫ్రాన్సెస్కో ఇక్కడ విలాసవంతమైన మహల్ కట్టించాడు. దాని రూపశిల్పి బువొన్తాలెంతి. విగ్రహం బాధ్యత జాంబొలోన్యాకు అప్పగించారు. ఆయన ఇటలీలో పేరు తెచ్చుకున్నా, పుట్టింది మాత్రం ఫ్లాండర్స్‌లో. ఫ్రెంచి రచయిత మాంటేన్ 1580లో ఈ తోటకు వచ్చేసరికి విగ్రహం పని ఇంకా సాగుతూనే ఉంది.

బొమ్మ కాదు... భవనం!

ఇది ఒకే బండను చెక్కి చేసింది కాదు. ఇటుక, రాయి, సున్నం కలిపి ఇల్లు కట్టినట్టే కట్టారు. అందుకే లోపల గదులున్నాయి, గుహలున్నాయి. తల భాగంలోనూ చిన్న గది ఉంది. అందులో మంట వేస్తే ముక్కుపుటాల్లోంచి పొగ వచ్చేదని చెబుతారు. జంతువు నోట్లోంచి నీళ్లు కిందనున్న చెరువులోకి దూకేవి.

అసలు ఆ తోటకు ప్రాణమే నీళ్లు. కొండల్లోంచి తెచ్చిన నీటితో ఫౌంటెన్లు ఎగసేవి, బొమ్మలు కదిలేవి. ఏమరుపాటుగా నడిచే అతిథులను నీటిధారలు ఉన్నట్టుండి తడిపేసేవి. యూరప్ నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు చూసి ముచ్చటపడేవారు.

ఆ ముచ్చటే చివరికి మహల్ మీదికి వచ్చింది. 1737లో మెదిచి పాలన ముగిశాక తోటను పట్టించుకునేవారు తగ్గారు. నిర్వహణ తలకుమించిన భారమైంది. గొట్టాల నుంచి కారిన నీరు గోడల్లోకి చేరి మహల్‌ను దెబ్బతీసింది. శిల్పాల్లో కొన్నింటిని ఫ్లోరెన్స్‌లోని బోబొలీ తోటకు తరలించారు. 1820ల్లో అప్పటి పాలకులు మహల్‌ను నేలమట్టం చేయించి, తోటను సహజమైన అడవిలా కనిపించే ఇంగ్లిష్ పద్ధతిలోకి మార్చేశారు.

మరి మహాకాయుడి మాటేమిటి? గీత గీసినట్టుండే రాచతోట పోయి చెట్లూ గుట్టలూ వచ్చినా ఆయనకు కొత్తేమీ అనిపించి ఉండదు. కొండలా కనిపించాలనే కదా కట్టారు! అడవిలాంటి తోటలో ఇట్టే ఒదిగిపోయాడు.

1872లో రష్యాకు చెందిన సంపన్న దెమిదోవ్ కుటుంబం ఈ ఎస్టేటును కొని, మిగిలిన కట్టడాల్లో ఒకదాన్ని నివాసంగా మార్చుకుంది. 1981లో ఫ్లోరెన్స్ ప్రాంతీయ ప్రభుత్వం కొనుగోలు చేయడంతో రాజుల విలాసం ప్రజల పార్కుగా మారింది. మెదిచి వంశీయుల ఇతర భవనాలు, తోటలతోపాటు 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోనూ చేరింది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మెదిచిల సిరి కరిగింది, వాళ్ల మహల్ కరిగింది. కూర్చున్నచోటు నుంచి కదలని ఈ కొండమనిషి మాత్రం, నాలుగు వందల ఏళ్ల ఎండావానలను తట్టుకుని చెరువు వైపు చూస్తూనే ఉన్నాడు.