కుక్కపిల్లల ముంగాళ్ళ వంకరలు: కారణము గుర్తించు విధము

వ్యవసాయాధికారి, పగిడ్యాల

పగిడ్యాల, ముచ్చుమర్రి, నందికొట్కూరు ప్రాంతములలో గొర్రెలు పెంచువారికి కుక్క ఒక పనివానితో సమానము. పైరు కోసిన చేలలో ఎరువు కొరకు మంద కట్టిన రాత్రులందు నక్కను, తోడేలును, దొంగను కనిపెట్టునది అదియే. పగలు మందవెంట మైళ్ళకొలది నడువవలసినదియు అదియే. నిలుచున్న కుక్క బరువులో సుమారు 60 శాతము ముంగాళ్ళే మోయును. అవి వంకరపోయిన కుక్క మందవెంట నడువలేదు; యజమాని దానిని వదలివేయును. ఏడాదిపాటు పెట్టిన తిండి, పడిన శ్రమ వృథా యగును.

ఈ వంకరలు సాధారణముగా 2 మొదలు 8 నెలల వయస్సులో బయటపడును. అప్పుడే కారణము కనిపెట్టినచో చాలవరకు సరిచేయవచ్చును. ఎముకల ఎదుగుదల ముగిసిన తరువాత ఏ టానిక్కు పోసినను ప్రయోజనముండదు. మన గ్రామములలో కాలు వంకర కనబడగానే “సున్నము తక్కువైనది” అని కాల్షియం సీసా కొని పోయుట వాడుకయైనది. ఇది కొన్ని పిల్లలకు మేలు చేయును, కొన్నింటికి ఎందుకును పనికిరాదు, మరికొన్నింటికి కీడు చేయును. కావున సీసా కొనుటకు ముందు కారణము తెలిసికొనవలెను. చికిత్స చేయుట పశువైద్యుని పని. కాని పిల్లను దినమంతయు చూచువాడు యజమానియే గనుక, అతడు గమనించి చెప్పు సంగతులు వైద్యునకు ఎంతయో సహాయపడును.

ముంగాలి నిర్మాణము

ముంగాలిలో మోచేతికిని మణికట్టుకును నడుమ రెండు ఎముకలు ప్రక్కప్రక్కన ఉండును. ముందువైపుననుండి బరువు మోయునది రేడియస్. దాని వెనుక సన్నగా నుండునది అల్నా. ఎదుగు పిల్లలో ఈ ఎముకల కొనలవద్ద మృదులాస్థి పొర యొకటి ఉండును. ఎముక పొడవు పెరుగునది అచ్చటనే. దానిని ఎదుగుదల పొర అందుము. అల్నా పెరుగుదలలో సుమారు 85 శాతము మణికట్టు దగ్గరి పొరనుండియే వచ్చును. ఈ పొర గరాటువలె ఉన్నందున ఏ ప్రక్కనుండి దెబ్బ తగిలినను నలిగిపోవును. రెండెముకలును సమానముగా పెరిగినంతకాలము కాలు తిన్నగా నుండును.

పరీక్షించు విధము

పిల్లను చదునైన మట్టినేలపై నిలువబెట్టి, ముందు కొంచెము దూరమునుండియే చూడవలెను. వంకర ఒక కాలికా, రెండు కాళ్ళకా? ముందునుండి చూచినపుడు పాదములు వెలుపలికి తిరిగియున్నవా? ప్రక్కనుండి చూచినపుడు మణికట్టు ముందునకు వంగినదా, లేక వెనుకకు క్రుంగి పాదము నేలపై చదునుగా పరచుకొన్నదా? తరువాత నడిపించి కుంటుచున్నదేమో చూడవలెను. ముంగాలు నొప్పిగానున్న కుక్క, ఆ కాలు నేల మోపినప్పుడు తల పైకెత్తును. మంచి కాలు మోపినప్పుడు తల దించును.

పిమ్మట చేతితో తడిమి చూడవలెను. నొప్పిగానున్న పిల్ల కరచును గనుక మూతికి మెత్తని గుడ్డపీలిక కట్టుట మంచిది. వేళ్ళ సందులనుండి మొదలుపెట్టి తుమ్మముల్లు, పల్లేరుకాయ, విరిగిన గోరు ఉన్నవేమో చూడవలెను. కుంటు పిల్లలలో కొన్నింటి రోగము ఇక్కడనే తేలిపోవును. తరువాత మణికట్టు, ముంజేయి, మోచేయి, భుజము వరుసగా నొక్కుచు, రెండవ కాలితో పోల్చుచు వాపు, వేడి, నొప్పి కనిపెట్టవలెను. పెద్దజాతి పిల్లలకు 3, 4 నెలల వయస్సులో మణికట్లు లావుగా కనబడుట సహజము. నొప్పియు వంకరయు లేనిచో అది రోగము కాదు.

ఒక హెచ్చరిక. కాళ్ళు హఠాత్తుగా చచ్చుబడి, దవడ జారి, చొంగ కార్చుచు, తత్తరపడు పిల్లను తాకరాదు. అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చును. దానిని విడిగా నుంచి వెంటనే పశువైద్యునకు తెలుపవలెను.

రెండు మణికట్లును క్రుంగుట లేక ముందునకు వంగుట

ఇది ఒకటిన్నర నెల మొదలు నాలుగు నెలల వయస్సులో తరచుగా కనబడును. పిల్ల చురుకుగా ఆడుకొనుచుండును, బాగుగా తినుచుండును, నొక్కినను నొప్పియుండదు. ఎముకకు, కండరములకు, నరములకు ఎదుగుదలలో పొంతన తప్పుట దీనికి కారణము. నున్నని నేల దీనిని అధికము చేయును. నునుపుచేసిన బేతంచెర్ల బండలు పరచిన వరండాలో కట్టివేసిన పిల్ల జారిపోకుండుటకు వేళ్ళు విప్పి, పాదము చదునుగా పరచును. అట్టి పిల్లను మట్టినేలకు మార్చి, దినము కొంతసేపు మెల్లగా నడిపించుచు, సమతుల్యమైన ఆహారమిచ్చినచో సాధారణముగా కొద్ది వారములలో కాళ్ళు చక్కబడును. వెదురుబద్దలతో గట్టి కట్టు కట్టరాదు. రక్తప్రసరణ నిలిచి పాదము కుళ్ళిపోవు ప్రమాదము కలదు.

తిండిలోని లోపము

పిల్ల నడచుటకు ఇష్టపడక పడుకొనియుండుట, ఎత్తుకొన్నప్పుడు అరచుట, కాళ్ళు విల్లువలె వంగుట, చిన్న గెంతుకే ఎముక విరుగుట, ఇవి తిండి లోపమునకు గుర్తులు. ఇందు సాధారణముగా ముంగాళ్ళు రెండును, తరచుగా వెనుక కాళ్ళును చెడును.

మన ప్రాంతములో కుక్కపిల్లకు పెట్టునది జొన్న సంకటి, అన్నము, పలుచని మజ్జిగ. 100 గ్రాముల జొన్నలలో కాల్షియం సుమారు 25 మిల్లీగ్రాములు కాగా, భాస్వరము సుమారు 220 మిల్లీగ్రాములు. ఎదుగు పిల్ల ఆహారములో కాల్షియం కనీసము భాస్వరముతో సమానముగానైనను ఉండవలెను. ఎముక లేని మాంసములో ఈ వ్యత్యాసము ఇంకను ఎక్కువ. కావున “మాంసమే పెట్టుచున్నాను, లోపమెట్లు వచ్చును?” అనుట సరికాదు. తిండిలో కాల్షియం చాలనపుడు శరీరము ఎముకలనుండి దానిని లాగి రక్తమునకు అందించును. అందువలన రక్తపరీక్షలో కాల్షియం సరిగానే కనబడవచ్చును. ఎముకలు మాత్రము కాగితమువలె పలుచబడును.

విటమిన్ డి లోపించినను కాళ్ళు వంగును. 1919లో ఇంగ్లాండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ అను శాస్త్రజ్ఞుడు కుక్కపిల్లలను ఇంటిలోపల ఉంచి, ఓట్స్ జావ వంటి తిండితో పెంచి, వాటికి రికెట్స్ అను ఎముకల వ్యాధి వచ్చుననియు, కాడ్‌లివర్ నూనెతో అది నివారణ యగుననియు చూపెను. పిల్లను ఎండలో కట్టివేసినచో చాలునని కొందరు తలచుదురు. కుక్క చర్మము ఎండవలన చాలినంత విటమిన్ డి తయారు చేసికొనలేదని 1994లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కుక్కకు ఆ విటమిన్ గ్రుడ్డు సొన, చేప, కార్జము వంటి ఆహారమునుండియే రావలెను.

5 కిలోల బరువుగల నాటుపిల్లకు దినమునకు ఒకటిన్నర మొదలు 2 గ్రాముల కాల్షియం కావలెను. సంకటితోపాటు పావు లీటరు గేదెపాలు లేక వాటి పెరుగు ఇచ్చినచో సుమారు అర గ్రాము లభించును. ఉడికించిన కోడిగ్రుడ్డు ఒకటి, మెత్తగా నూరిన గ్రుడ్డు పెంకు పొడి అర చెంచా చేర్చినచో మరియొక గ్రాము సమకూడును. పాలు కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఎముకలు పలుచబడిన పిల్లను కొన్ని వారములపాటు చిన్న చోటనే ఉంచి, గెంతనీయక ఈ ఆహారమిచ్చినచో ఎముకలు గట్టిపడును. ఉడికించిన కోడి ఎముకలు పెట్టరాదు. అవి చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును. కోసిన గొర్రె కార్జము, ఊపిరితిత్తులు పచ్చిగా వేయరాదు. వాటివలన కుక్కకును, దానినుండి మందకును, మనుష్యులకును బద్దెపురుగుల బాధ కలుగును.

కాల్షియం అధికమైనను కీడే

పట్టణములనుండి గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్దజాతి పిల్లలను తెచ్చి పొలముల వద్ద పెంచువారు ఇప్పుడు పెక్కుమంది కలరు. కుక్కపిల్లల కొరకు తయారైన మేతలో కావలసినంత కాల్షియం ఉండును. ఆ మేత పెట్టుచు పైన సీసామందు పోయుట తప్పు. లేత వయస్సులో పిల్ల అక్కరకు మించిన కాల్షియంను కూడ లోపలికి తీసికొనును. 1985లో హాలెండులో గ్రేట్ డేన్ పిల్లలపై జరిపిన పరిశోధనలో అధిక కాల్షియం వలన ఎముకల ఎదుగుదల చెడి, ముంగాళ్ళు వంకరపోయినవి. పిల్లను త్వరగా లావెక్కించుటయు మంచిది కాదు. తడిమిన ప్రక్కటెముకలు తెలియునట్లుండుట మేలు.

ఒక కాలు మాత్రమే వెలుపలికి తిరుగుట

రైతు సోదరులు అన్నింటికంటె ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది ఇది. పిల్ల మిద్దె మెట్లపైనుండి పడుట, మోటారు సైకిలు తగులుట, ట్రాక్టరు ట్రాలీనుండి దూకుట వంటివి జరిగినప్పుడు అల్నా ఎదుగుదల పొర నలిగిపోవచ్చును. ఎముక విరుగదు. పిల్ల నాలుగు దినములు కుంటి, తరువాత మామూలుగా పరుగెత్తును. యజమాని ఆ సంగతి మరచిపోవును. మూడు నాలుగు వారములకు ఆ కాలు ముందునకు విల్లువలె వంగి, పాదము వెలుపలికి తిరుగుట మొదలిడును. రేడియస్ పెరుగుచుండగా అల్నా నిలిచిపోయి, వింటినారివలె దానిని బిగబట్టుటయే దీనికి కారణము. ఆలస్యమైనకొలది మోచేతి కీలును చెడిపోవును.

దీనికి కాల్షియం వలన గాని, నాటు కట్టువలన గాని, పసరువలన గాని ప్రయోజనము లేదు. పిల్ల ఇంకను ఎదుగుచుండగానే శస్త్రచికిత్సతో అల్నాలో కొంత ముక్కను తొలగించినచో రేడియస్ తిన్నబడుటకు అవకాశము కలదు. కావున ఇట్టి దెబ్బ తగిలిన పిల్లను కుంటు తగ్గినను వైద్యునకు చూపవలెను. మొదటి ఎక్స్‌రేలో ఈ లోపము కనబడకపోవచ్చును. రెండు మూడు వారముల తరువాత మరల తీయించవలెను. సమీపమున సౌకర్యము లేనిచో ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలకు తీసికొనిపోవచ్చును.

నొప్పితో, జ్వరముతో కుంటుట

పెద్దజాతి పిల్లలకు 2 మొదలు 8 నెలల నడుమ మణికట్టుకు కొంచెము పైగా రెండు కాళ్ళకును వేడివాపు వచ్చి, జ్వరముతో తిండి మానినచో అది ఎముక కొనలకు వచ్చిన తాపము. 5 నెలలు దాటిన పిల్ల ఒక వారము ఒక కాలు, మరియొక వారము వేరొక కాలు కుంటుచు, ఎముక నడుమ నొక్కినప్పుడు అరచినచో అది ఎముక లోపలి నొప్పి; ఇది సాధారణముగా వయస్సుతో తగ్గిపోవును. పడుకొని లేచినప్పుడు బిగుసుకొని, మోచేయి వంచనీయక కుంటినచో మోచేతి కీలు లోపము కావచ్చును. ఈ లోపము వంశపారంపర్యముగా వచ్చును గనుక అట్టి కుక్కను సంతతికి వాడరాదు. ఈ మూడింటిలో ఏదైనను వైద్యుడే నిర్ణయించవలెను. మనుష్యులు వాడు నొప్పి మాత్రలను కుక్కపిల్లకు ఎన్నడును ఇవ్వరాదు. అవి ప్రాణాపాయము కలిగించును.

వైద్యునకు చెప్పవలసిన సంగతులు

పిల్ల వయస్సు, జాతి, దినమునకు పెట్టు తిండి, ఇచ్చిన మందులు, వంకర ఒక కాలికా రెండింటికా, ఎప్పుడు మొదలైనది, నెలలోపల ఎక్కడనైనను పడినదా, జ్వరమున్నదా, ఈ విషయములు వ్రాసికొని పోవలెను. రెండు కాళ్ళును నొప్పి లేక క్రుంగినచో నేలను, తిండిని మార్చి రెండు వారములు చూడవచ్చును. ఒక్క కాలే తిరుగుచున్నను, వాపు, నొప్పి, జ్వరము ఏది యున్నను ఒక్క దినము కూడ ఆగరాదు. ఎదుగుదల పొరలు మూసికొనుటకు పిల్లకు మిగిలియున్నవి కొద్ది నెలలు మాత్రమే. వాటిని సద్వినియోగము చేసినచో ఆ కుక్క పది సంవత్సరములు మందను కాచి యజమాని ఋణము తీర్చుకొనును.