జావాలో స్వాప్ ఎందుకు కుదరదు?

కొత్తగూడ చౌరస్తా చుట్టూ హాస్టళ్లలో ఉంటూ హైటెక్ సిటీలో ఇంటర్వ్యూలకు తిరిగే పిల్లలను కదిలిస్తే ఒకటే జవాబు. "తాతయ్యా, జావాలో ఇంట్ లాంటివి బై వాల్యూ, ఆబ్జెక్టులు బై రిఫరెన్స్!" అందులో సగమే నిజం బిడ్డా. జావాలో ఏది పంపినా బై వాల్యూనే.

మెథడ్‌కు ఇంట్ పంపితే ఆ అంకెకు నకలు పోతుంది. అవతల 5ను 50 చేసినా నీ 5 నీకే ఉంటుంది. ఆబ్జెక్ట్ ఉండేదేమో హీప్‌లో. వేరియబుల్‌లో ఉన్నది దాని దగ్గరికి తీసుకుపోయే రిఫరెన్స్ మాత్రమే, నకలు తీసేదీ దానికే. ఇక్కడ ఒకే ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్లుంటే, కొత్తగా చేరినవాడికి తాళంచెవి డూప్లికేట్ చేయించి ఇస్తారు కదా. వాడు లోపల మంచం జరిపితే అందరికీ జరిగినట్టే. ఆ డూప్లికేట్ వదిలేసి వేరే ఫ్లాట్ చెవి జేబులో వేసుకున్నాడనుకో, నీ చెవి నీ ఫ్లాట్‌నే తెరుస్తుంది.

నమ్మకం కుదరకపోతే స్వాప్ అనే మెథడ్ రాసి చూడు. ఇద్దరు స్టూడెంట్లను పంపి, లోపల అటుదిటు మార్చి, బయటికొచ్చాక ప్రింట్ చెయ్యి. ఎక్కడివాళ్లు అక్కడే! లోపల సెట్‌నేమ్‌తో పేరు మారిస్తే మాత్రం బయటా మారిన పేరే కనిపిస్తుంది.

సీ ప్లస్ ప్లస్‌లో పారామీటర్‌కు యాంపర్‌సాండ్ తగిలిస్తే అది నీ వేరియబుల్‌కే ఇంకో పేరవుతుంది, స్వాప్ చక్కగా జరుగుతుంది. సీ షార్ప్‌లో రెఫ్ అన్న మాటను పిలిచేచోట కూడా రాయాలి. నాకు ఆ పద్ధతే ఇష్టం. ఇక్కడ నా వేరియబుల్ మారొచ్చని చదివేవాడికి కళ్లముందే తెలుస్తుంది.

1970లలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్, ఆమె బృందం క్లూ అనే భాషను తయారుచేస్తూ, రిఫరెన్స్‌ను జావాలోలా పంచుకునే తీరుకు కాల్ బై షేరింగ్ అని పేరు పెట్టారు. పైథాన్‌దీ అదే దారి.

ఇంటర్వ్యూ దాటాక కూడా ఇది అక్కరకొస్తుంది. ఉద్యోగుల లిస్టును ఒక మెథడ్‌కు ఇస్తావు. అది తన అవసరానికి సార్ట్ చేసుకుంటుంది, నీ వరుస చెదిరిపోతుంది. అందుకే న్యూ అర్రేలిస్ట్ అని వేరే లిస్టు చేసి ఇవ్వాలి. అప్పుడు కూడా కొత్తది లిస్టు ఒక్కటే, అందులోని ఉద్యోగుల ఆబ్జెక్టులు పాతవే. అవతల ఒకరి జీతం మారిస్తే నీ లిస్టులోనూ మారుతుంది.