గెలుపు తథ్యమనుకొన్నవాడు ఓడినప్పుడు

పోటీ ఆరంభము కాకముందే ఫలితము తేలిపోయినదని లోకము భావించు సందర్భములు కొన్ని ఉండును. ఒకవైపు ఏండ్ల తరబడి ఓటమి యెరుగని వీరుడు నిలుచును. రెండవవైపు, ఎవరో ఒకరు ఎదుట ఉండవలెను గనుక వచ్చినట్లు కనిపించు మరియొకడు నిలుచును. అట్టి పోటీలో ఆ రెండవవాడు గెలిచినయెడల చూచువారు మొదట నమ్మరు. పిదప అది అదృష్టమందురు. ఆ పిదప, ఓడినవానికి గర్వము తలకెక్కినదందురు. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునని మన పెద్దలు ఎన్నడో చెప్పినారు. ఆ మార్పు ఎట్లు జరుగునో మాత్రము సామెత చెప్పదు. దానిని విచారించుటకు మిశ్రమ యుద్ధకళల పోటీలు మంచి తావు. తలక్రిందులైన ఫలితములు ఆ క్రీడలో ఎన్నియో కలవు.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనబడు ఈ క్రీడలో బాక్సింగు, కుస్తీ, జూడో, బ్రెజిల్ దేశపు జుజుత్సు, థాయిలాండువారి కాలిదెబ్బలు అన్నియు ఒకే కంచెలోపల చెల్లును. గ్రుద్దవచ్చును, తన్నవచ్చును, ఎత్తి పడవేయవచ్చును, పడినవానిపై కూర్చుండి కొట్టవచ్చును, కీలు మెలిపెట్టవచ్చును, మెడ బిగించవచ్చును. కన్ను పొడుచుట, కొరుకుట వంటివి నిషిద్ధములు. 1993 నవంబరు 12వ తేదీన అమెరికాలోని డెన్వర్ నగరములో అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్ అను సంస్థ తన మొదటి పోటీని జరిపినది. ఎనిమిదిమంది దిగినారు. బరువునుబట్టి తరగతులు లేవు. బ్రెజిల్‌నుండి వచ్చిన రాయిస్ గ్రేసీ సన్నని దేహము గలవాడు. ఎదురైనవారందరు ఆయనకంటె బరువైనవారు. ఆయన ఒక్క రాత్రిలో ముగ్గురిని పట్టులతో లొంగదీసి గెలిచినాడు. పిడికిలి బలము చూడవచ్చినవారికి నేలమీది విద్య యొక్క బలము తెలిసినది. ఈ క్రీడ పుట్టుకతోడనే జనుల అంచనా తారుమారైనదన్నమాట.

ఇంతకు, గెలుపు తథ్యమనుటలో అర్థమేమి? పందెములు కాయువారు ఇద్దరు యోధులకు రెండు విలువలు కట్టుదురు. పందెము మంచిచెడ్డలు ఇక్కడ మన విషయము కాదు. ఆ విలువ జనుల నమ్మకమునకు ఒక కొలత కాబట్టి చెప్పుచున్నాము. ఒక యోధునకు గెలుపు నూటికి 90 పాళ్ళు నిశ్చయమని అందరు తలచినారనుకొందము. వినుటకు అది కొండంత ధైర్యము. కాని అదే మాటను త్రిప్పి చెప్పినచో, పది పర్యాయములలో ఒక పర్యాయము అతడు ఓడునని అర్థము. ఆ ఒక్క పర్యాయము ఏదియో ముందుగా ఎవరును చెప్పలేరు.

ఇంకొక అడుగు ముందుకు వేయుదము. ప్రతి పోటీలోను 90 పాళ్ళు గెలుపు గల యోధుడు వరుసగా రెండు పోటీలు గెలుచు అవకాశము 81 పాళ్ళు. ఏడు పోటీలు వరుసగా గెలుచు అవకాశము సుమారు 48 పాళ్ళు. పది పోటీలకు వచ్చుసరికి అది 35 పాళ్ళకు దిగును. ప్రతి పోటీకి ముందు అతడే అధికుడు. అయినను పదింటిని ఓటమి లేక దాటుటకంటె, ఎక్కడనో ఒకచోట ఓడుటయే ఎక్కువ సంభావ్యము. ఇది గర్వమువలన కలిగినది కాదు, దైవమువలన కలిగినది కాదు, ఉత్త గుణకారము. పెద్ద యోధుల పతనమును చూచి నివ్వెరపోవు మనము ఈ గుణకారమును మరచుచున్నాము.

ఈ లెక్క అన్ని క్రీడలకును వర్తించును. కాని మిశ్రమ యుద్ధకళలలో తారుమారు మరింత సులభమగుటకు వేరు కారణములు కలవు. కబడ్డీలో అవుటై బయటికి పోయినవాడు మరల లోపలికి రాగలడు. టెస్టు క్రికెట్టులో మొదటి ఇన్నింగ్సున సున్నకు పోయినవానికి రెండవ ఇన్నింగ్సు కలదు. ఆట ఎంత సాగిన బలవంతుని బలము అంత బయటపడును. బాక్సింగులో సైతము పడినవానికి రిఫరీ పది లెక్కపెట్టువరకు వ్యవధి ఉన్నది. ఇక్కడ ఆ లెక్క లేదు. పడినవానిపై ప్రత్యర్థి తక్షణమే దుముకును. తనను తాను కాపాడుకొనలేడని తోచగానే రిఫరీ పోటీని ఆపివేయును. చేతితొడుగులు సుమారు 4 ఔన్సుల బరువువి, వ్రేళ్ళు బయటికి కనిపించునవి. బాక్సింగువారి తొడుగులు 8 లేక 10 ఔన్సులవి. పలుచని తొడుగులోనుండి వచ్చు దెబ్బ తీవ్రము. ఆ తొడుగును అడ్డుపెట్టుకొని దాగుటయు కష్టము. అన్నిటిని మించి, ఓడుటకు ఇక్కడ త్రోవలు అనేకములు. గ్రుద్దులో మేటియైనవాడు మెడపట్టుకు చిక్కవచ్చును. పట్టులో మేటియైనవాడు కాలిదెబ్బకు పడవచ్చును. పది తలుపుల ఇంటికి తొమ్మిది తలుపులు గడియ వేసినను కాపలా పూర్తి కాలేదు.

2007 ఏప్రిల్ 7వ తేదీన హ్యూస్టన్ నగరములో జరిగినది ఈ సంగతికి ప్రసిద్ధమైన ఉదాహరణము. కెనడా దేశీయుడైన జార్జెస్ సెయింట్ పియర్ అంతకు ముందు నవంబరులోనే మాట్ హ్యూస్‌ను ఓడించి తన తరగతి పట్టమును పొందినాడు. వయస్సు, వేగము, విద్య మూడును గలవాడు. ఎదుట నిలిచిన మాట్ సెర్రా పొట్టివాడు, అప్పటికి పెక్కు ఓటములు చవిచూచినవాడు. ఒక టెలివిజన్ పోటీపరంపరలో గెలుచుటవలన ఆయనకు ఈ అవకాశము దక్కినది. సెర్రా జుజుత్సు విద్యలో పేరుగాంచినవాడు గనుక, భయపడవలసినది నేలమీది పట్టులకే అని తలచినారు. ఆయన గెలిచినది పిడికిలితో. కుడిచేతి దెబ్బ ఒకటి తలప్రక్కన తాకగా సెయింట్ పియర్ కాళ్ళు తడబడినవి. సెర్రా మరల నిలద్రొక్కుకొననీయలేదు. 3 నిమిషముల 25 సెకండ్లలో మొదటి రౌండులోనే పట్టము చేతులు మారినది.

కొన్ని ఓటములకు మూలము యోధుని గెలుపులలోనే ఉండును. రష్యా దేశపు ఫెడోర్ ఎమెల్యానెంకో 2000వ సంవత్సరమున గాయమువలన పోటీ ఆపివేయబడి కలిగిన ఓటమి తప్ప మరియొక ఓటమి లేక పదేండ్లు సాగినాడు. పడినవానిపైకి వెరపు లేక దుమికి, వాని కాళ్ళ నడుమనుండియే కొట్టుట ఆయన పద్ధతి. పట్టులలో ఘనుడైన బ్రెజిల్ యోధుడు నొగెయిరాను మొదటి పర్యాయము ఆ పద్ధతితోనే ఓడించినాడు. 2010 జూన్ 26వ తేదీన సాన్ హోసే నగరములో ఫబ్రీసియో వెర్డూమ్ నేలకు ఒరిగినప్పుడును అట్లే దుమికినాడు. వెర్డూమ్ పట్టుల పోటీలలో ప్రపంచ విజేత. తన కాళ్ళతో ఫెడోర్ మెడను, చేతిని కలిపి బిగించినాడు. 69 సెకండ్లలో ఫెడోర్ చేతితో తట్టి ఓటమి ఒప్పుకొనవలసివచ్చినది. పదేండ్లు అన్నము పెట్టిన అలవాటే ఆనాడు ఉచ్చు అయినది.

ఆండర్సన్ సిల్వా కథయు ఇట్టిదే. 2006 నుండి పట్టము నిలుపుకొని, ఈ సంస్థలో వరుసగా 16 పోటీలు గెలిచినాడు. చేతులు దింపి, మొగము చూపి, ప్రత్యర్థిని కవ్వించి, వాడు తొందరపడగా కొట్టుట ఆయన నేర్పు. 2013 జూలై 6వ తేదీన లాస్ వేగాస్‌లో క్రిస్ వైడ్‌మన్ ఎదుటను చేతులు దింపినాడు. వైడ్‌మన్ కవ్వింపునకు చలింపక దెబ్బపై దెబ్బ వేయుచుండగా, ఎడమచేతి దెబ్బ ఒకటి సూటిగా తగిలినది. దీనిని చూచి గర్వభంగమన్నవారు పెక్కుమంది. ఆ చేష్ట ముందటి పోటీలలో ఫలించినప్పుడు దానినే వారు ప్రతిభ యని పొగడినారు. చేష్ట మారలేదు, ఎదుటివాడు మారినాడు.

ఎదుటివాడు మారుట యనునది రోండా రౌజీ విషయములో మరింత స్పష్టము. 2008 బీజింగ్ ఒలింపిక్సున జూడోలో కాంస్య పతకము గెలిచిన ఈమె, 12 పోటీలలో ఓటమి యెరుగదు. 2015లో ఒక ప్రత్యర్థిని 14 సెకండ్లలోను, మరియొకరిని 34 సెకండ్లలోను ముగించినది. ముందునకు చొచ్చుకొనిపోయి పట్టుకొనుట, పడవేయుట, చేయి విరుచుట ఆమె విధానము. ఆ యేడు నవంబరులో మెల్‌బోర్న్ నగరమున 56 వేలకు పైగా జనము చూచుచుండగా హోలీ హోమ్ ఎదురైనది. హోమ్ బాక్సింగులో పూర్వ ప్రపంచ విజేత, ఎడమచేతివాటము గలది. ఆమె పట్టుకు అందక ప్రక్కకు తొలగుచు, వెంటబడిన రౌజీ తనంత తానే దెబ్బలోనికి వచ్చునట్లు చేసినది. రెండవ రౌండు 59వ సెకండున ఎడమకాలి దెబ్బ మెడపై తగిలి పోటీ ముగిసినది. తాడిని తన్నువాని తలదన్నువాడుండుననుట నిజమే. కాని వాడు అందరికంటె బలవంతుడే కానక్కరలేదు. ఆ ఒక్క తాటిని తన్నువాని అడుగు ఎటు పడునో ఎరిగినవాడైన చాలును.

ఇక గెలుపు చేతికి అందిన పిదపను జారిపోవుట కలదు. 2022 ఆగస్టు 20వ తేదీన సాల్ట్ లేక్ నగరములో కమారూ ఉస్మాన్ అయిదవ రౌండు చివరి నిమిషము వరకు ముందంజలో ఉన్నాడు. న్యాయనిర్ణేతల చీటీలు ముగ్గురివియు ఆయనవైపే ఉన్నవి. 56 సెకండ్లు మిగిలియుండగా లియాన్ ఎడ్వర్డ్స్ ఎడమచేతిని ఎరగా చూపినాడు. దానిని తప్పించుకొనుటకు ఉస్మాన్ తల ఒరిగినది. ఒరిగినవైపునకే ఎడమకాలు వచ్చినది. అంతవరకు కూడిన ఆధిక్యము ఒక్క దెబ్బతో చెల్లిపోయినది.

ఇవి అన్నియు అదృష్టములా, లేక మన అంచనాయే తప్పా? ఈ ప్రశ్నకు ఈ క్రీడలోనే ఒక పరీక్ష కలదు. అది మరల జరుగు పోటీ. 2008 ఏప్రిల్‌లో మాంట్రియల్ నగరమున సెయింట్ పియర్ సెర్రాను రెండవ రౌండులో ఓడించినాడు. రౌజీని ఓడించినవారిలో ఒకతెయైన అమాండా నూనెస్ 2021 డిసెంబరులో జూలియానా పెన్యా మెడపట్టుకు చిక్కి ఓడి లోకమును ఆశ్చర్యపరచినది. 2022 జూలైలో ఎడమచేతివాటపు నిలుపుతో వచ్చి పట్టమును తిరిగి గెలిచినది. ఇవి పదింట ఒక పర్యాయము జరుగవలసినది జరిగిన సందర్భములు. వైడ్‌మన్ మాత్రము 2013 డిసెంబరులో సిల్వాను మరల ఓడించినాడు. సిల్వా తన్నిన కాలిదెబ్బను ఆయన అడ్డుకొనగా సిల్వా కాలే విరిగినది. ఎడ్వర్డ్స్ 2023 మార్చిలో లండనులో ఉస్మాన్‌పై మరల గెలిచినాడు. అక్కడ తారుమారైనది పోటీ కాదు, పాతబడిన మన లెక్క. నిన్నటి కీర్తిని నేటి బలముగా ఎంచినాము. రెండును ఒకే విధమైన అద్భుతములుగా కనిపించును. రెంటికిని కారణము వేరు.

లెక్క ఏదైనను, దానిని భరించువాడు మనుష్యుడు. సెర్రా చేతిలో ఓడిన పిదప తన మనస్సునుండి ఆ పేరు తొలగక బాధించినదనియు, ఒక సలహాదారుని మాటపై ఇటుకమీద ఆ పేరు వ్రాసి, తుదకు దానిని నదిలో విసరివేసితిననియు సెయింట్ పియర్ చెప్పియున్నాడు. ఆ ఓటమి పిదప 2019లో విరమించువరకు ఆయన మరి ఏ పోటీలోను ఓడలేదు. రౌజీకి అట్లు జరుగలేదు. ఓడిన రాత్రి వైద్యుల గదిలో కూర్చుండి, గెలుపు లేని తాను ఏపాటిదానననియు, ప్రాణము తీసికొందునా యనియు తలచితినని 2016లో ఒక టెలివిజన్ కార్యక్రమములో ఆమె బహిరంగముగ చెప్పినది. ఆ యేడు డిసెంబరులో తిరిగి వచ్చి నూనెస్ చేతిలో 48 సెకండ్లలో ఓడినది. ఓటమి యెరుగనిదని అందరు పొగడగా పొగడగా, ఓటమి వచ్చునాటికి ఆమెకు నిలువ నీడ లేకపోయినది. ఆ పొగడ్తలో చూచువారి వంతు లేదనలేము.

కావున ఇటువంటి పోటీ మరల వచ్చినప్పుడు కొన్ని ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఇతడు గెలిచినది ఎవరిమీద, ఏ పద్ధతితో? ఆ పద్ధతికి విరుగుడు ఎదుటివానికి తెలియునా? ఇతని బలము నేటిదా, నిన్నటిదా? ఇవి అడిగినంతమాత్రమున ఫలితము ముందే తెలియదు. తెలియదన్న సంగతి మాత్రము గుర్తుండును. అది గుర్తున్నవాడు గెలిచినవానిని అదృష్టవంతుడని చిన్నబుచ్చడు. ఓడినవానిని మోసగాడనియు, గర్వి యనియు నిందింపడు. పదింట తొమ్మిది గెలుచువాడు పదవనాడు పడినను, మరునాటికి అతడు అదే యోధుడు.