ఉష్ణమండల బోన్సాయ్ మొక్కలు: కత్తిరింపు, ఆకృతి కల్పన

9.1 పరిచయం

గత యూనిట్‌లో బోన్సాయ్‌కి తగిన కుండీలు, మట్టి మిశ్రమాల గురించి తెలుసుకున్నారు. ఈ యూనిట్‌లో మర్రి, రావి, చింత, ఫైకస్, బోగన్‌విల్లియా వంటి ఉష్ణమండల మొక్కలను ఎప్పుడు, ఎలా కత్తిరించాలో, వాటికి ఆకృతి ఎలా కల్పించాలో పరిశీలిద్దాం.

బోన్సాయ్ కళ చైనాలో పుట్టి జపాన్‌లో స్థిరపడింది. అందువల్ల ఈ విషయంపై వచ్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం పైన్, జునిపర్, మేపుల్ వంటి శీతల ప్రాంతపు చెట్లను దృష్టిలో పెట్టుకొని రాసినవే. ఆ చెట్లు చలికాలంలో నిద్రావస్థలోకి పోతాయి కనుక, ఆకు రాల్చే జాతుల్లో పెద్ద కత్తిరింపులకు చలికాలం చివరి రోజులను ఎంచుకోమని ఆ పుస్తకాలు చెబుతాయి. అదే సలహాను మన ఫైకస్‌కు వర్తింపజేసి జనవరిలో కొమ్మలు నరికితే ఏమవుతుంది? చలికి మొక్క ఎదుగుదల అప్పటికే మందగించి ఉంటుంది. గాయం మానదు, చిగురు రాదు, పైగా కొమ్మ కొన నుంచి వెనక్కి ఎండుతూ రావచ్చు. తెలంగాణ పీఠభూమిలో ఈ ప్రమాదం ఎక్కువ. కోస్తాలో చలి తక్కువ కాబట్టి కొంత తక్కువ.

9.2 కత్తిరిస్తే మొక్కలో జరిగేదేమిటి?

కొమ్మ చివర ఉండే అగ్రకోరకం ఆక్సిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. అది కిందికి ప్రసరించి, ఆకుల మొదళ్లలో ఉండే గ్రీవ కోరకాలను ఎదగనీయకుండా అణచి ఉంచుతుంది. దీనినే అగ్రాధిక్యత అంటారు. కొన తుంచగానే ఆ అణచివేత తొలగి, కింది కణుపుల నుంచి రెండు మూడు చిగుళ్లు వస్తాయి. గోరింటాకు కంచెను కత్తిరించిన కొద్దీ గుబురుగా మారడం మీరు చూసే ఉంటారు. బోన్సాయ్‌లో మనం చేసేదీ అదే. తేడా ఒక్కటే: ఏ కణుపు పైన కత్తిరించాలో ఆలోచించి కత్తిరిస్తాం. బయటివైపు చూసే మొగ్గకు కాస్త పైన కోస్తే కొత్త కొమ్మ బయటికి వెళ్తుంది. లోపలివైపు మొగ్గను వదిలితే కొమ్మ కాండం వైపు తిరిగి చిక్కుపడుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. తరచుగా కత్తిరిస్తే కాండం త్వరగా లావెక్కి ముసలి చెట్టులా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆకులు తయారుచేసిన ఆహారంతోనే కాండం లావెక్కుతుంది. ఆకులు తగ్గిస్తే లావెక్కడమూ తగ్గుతుంది. కనుక సన్నని నారును చిన్న పళ్లెంలో పెట్టి కత్తిరిస్తూ కూర్చుంటే పదేళ్లకీ అది సన్నని నారుగానే ఉంటుంది. ముందు నేలలోనో, పెద్ద కుండీలోనో స్వేచ్ఛగా పెంచాలి. కావలసిన లావు వచ్చాకే చిన్న పళ్లెంలోకి మార్చాలి. కాండం కింది భాగం త్వరగా లావెక్కాలంటే అక్కడి ఒక కొమ్మను అసలు కత్తిరించకుండా వదిలి, పని అయ్యాక మొదలంటా తీసివేస్తారు. దీనిని త్యాగశాఖ అనవచ్చు.

9.3 మొదటి కత్తిరింపు: ఫైకస్ ఉదాహరణ

కడియం నర్సరీల్లో ఫైకస్ రకాలు విరివిగా దొరుకుతాయి. సుమారు 60 సెంటీమీటర్ల ఫైకస్ మైక్రోకార్పా మొక్కను తీసుకున్నారనుకుందాం. కత్తెర పట్టుకునే ముందు పైమట్టిని కొద్దిగా తొలగించి వేళ్ల మొదలు చూడండి. వేళ్లు నలుదిక్కులా విస్తరించి కనిపించే వైపును మొక్కకు ముఖంగా నిర్ణయించుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

మొదటి ప్రధాన శాఖ మొత్తం ఎత్తులో మూడో వంతు దగ్గర ఉంటే చెట్టు సహజంగా కనిపిస్తుంది. ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉన్న రెండు కొమ్మల్లో ఒకటి, ఒకదానినొకటి దాటే కొమ్మల్లో ఒకటి, కాండం వంపు లోపలివైపు నుంచి పుట్టినవి తీసివేయాలి. ఎత్తు తగ్గించేటప్పుడు పక్క కొమ్మ ఒకటి ఉన్న చోటుకు పైన కోసి, ఆ కొమ్మనే కొత్త కొనగా నిలబెట్టాలి. ఇలా రెండు మూడేళ్లకోసారి చేస్తే కాండం కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా తయారవుతుంది. దక్షిణ చైనాలోని లింగ్‌నాన్ సంప్రదాయం తీగ చుట్టడం కన్నా ఈ ‘కోసి పెంచే’ పద్ధతికే ప్రాధాన్యమిచ్చింది. మన వాతావరణంలో మొక్కలు వేగంగా పెరుగుతాయి కాబట్టి ప్రారంభ విద్యార్థులకు ఇదే అనువైనదని చెప్పవచ్చు.

ఫైకస్ మైక్రోకార్పా బోడి కొమ్మ మీద కూడా సులువుగా చిగురిస్తుంది. దాని దగ్గరి బంధువైన ఫైకస్ బెంజమినా అలా కాదు. ఆకు ఒక్కటీ లేకుండా కోసిన కొమ్మ ఎండిపోవచ్చు. దానికి ప్రతి కొమ్మ మీదా కొన్ని ఆకులు తప్పక ఉంచాలి. కోసిన చోట కారే పాలను నీళ్లు చిలకరించి తుడిస్తే కాసేపటికి ఆగుతుంది. ఆ పాలు కొందరికి చర్మం మీద దురద కలిగిస్తాయి, కంట్లో పడనీయరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తరచుగా కత్తిరించడం వల్ల కాండం లావు పెరగకపోవడానికి కారణం ఏమిటి?

9.4 తీగ చుట్టడం

కొమ్మకు వంపు కావాలంటే అల్యూమినియం తీగ వాడాలి. తీగ మందం కొమ్మ మందంలో సుమారు మూడో వంతు ఉంటే చాలు. 45 డిగ్రీల కోణంలో, మరీ బిగుతుగా కాకుండా చుట్టి, నెమ్మదిగా వంచాలి. ఉష్ణమండల మొక్కలతో వచ్చే ఇబ్బంది వంచడంలో కాదు, మరిచిపోవడంలో ఉంది. వానాకాలంలో ఫైకస్ కొమ్మ ఎంత వేగంగా లావెక్కుతుందంటే, నెల, నెలన్నరలోనే తీగ బెరడులోకి దిగవచ్చు. ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. పది పదిహేను రోజులకోసారి చూడండి. తీసేటప్పుడు విప్పకుండా ముక్కలుగా కత్తిరించండి. బోగన్‌విల్లియా ముదురు కొమ్మ పుటుక్కున విరుగుతుంది కాబట్టి దానికి లేత కొమ్మగా ఉన్నప్పుడే తీగ చుట్టాలి.

9.5 ఆకులు తీయడం

ఆకులు చిన్నవి కావడానికి మొక్క ఆకులన్నీ ఒకేసారి కోసివేయడం మర్రి, ఫైకస్ జాతుల్లో చేసే పని. తొడిమను వదిలి ఆకు పత్రదళాన్ని మాత్రమే కోయాలి. తొడిమ కొద్ది రోజులకు తానే రాలుతుంది, ఈలోగా దాని మొదట్లోని మొగ్గకు రక్షణగా ఉంటుంది. వెచ్చని రోజుల్లో రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త ఆకులు వస్తాయి. నిల్వ ఉన్న ఆహారాన్నే ఎక్కువ చిగుళ్లు పంచుకోవడం వల్ల అవి చిన్నవిగా ఉంటాయి. చింతకు ఈ పని అక్కరలేదు. దాని పత్రకాలు సహజంగానే చిన్నవి.

ఆకులు లేని మొక్క నీటిని చాలా తక్కువగా వాడుతుంది. జాలిపడి రోజూ మామూలుగా నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లుతాయి. నీరసంగా ఉన్న మొక్కకు, కొత్తగా కుండీ మార్చిన మొక్కకు ఆకులు తీయరాదు. కుండీ మార్పు, వేళ్ల కత్తిరింపు, ఆకులు తీయడం ఒకే నెలలో చేసిన మొక్క బతికితే అది మన అదృష్టమే. తొలకరికి కుండీ మార్చితే, ఆకులు తీయడం మరుసటి ఎండాకాలం మొదటికి వాయిదా వేయడం మేలు.

9.6 మర్రికి మర్రి రూపమే

జపాన్ పుస్తకంలోని పైన్ బొమ్మను చూసి మర్రికి అంచెలంచెల కొమ్మలు కల్పించేవారున్నారు. మన కళ్లకు తెలిసిన మర్రి వేరు. పాలమూరు పిల్లలమర్రిని, కదిరి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమానును తలచుకోండి. ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ, కిందికి దిగిన ఊడలే స్తంభాలు. కుండీలో ఈ రూపం రావాలంటే కొనను తరచు తుంచుతూ, పక్క కొమ్మలను పొడవుగా సాగనివ్వాలి.

ఊడలు పుట్టడానికి గాలిలో తేమ కావాలి. అవి ఎండి ఆగిపోకుండా, మొదలైన ఊడకు కూల్‌డ్రింక్ తాగే గొట్టాన్ని నిలువుగా చీల్చి తొడగండి. అందులో తడి నాచు నింపి, కింది కొనను మట్టిలోకి దించండి. ఊడ మట్టిలో పాతుకున్నాక గొట్టం తీసివేయవచ్చు. అప్పటి నుంచి ఊడ లావెక్కుతుంది, పై కొమ్మ కూడా బలపడుతుంది. అనవసరమైన చోట దిగిన ఊడలను మాత్రం లేతగా ఉన్నప్పుడే కోసివేయాలి.

ప్రాయోగిక పని: మీ ఊరిలోని ఒక పెద్ద మర్రినో, చింతనో నాలుగు వైపుల నుంచి గమనించి దాని బొమ్మ గీయండి. మొదటి శాఖ ఏ ఎత్తులో ఉంది, ఏ వైపు నుంచి చూస్తే వేళ్లు స్పష్టంగా కనిపిస్తాయో రాసి, ఆ బొమ్మను సంప్రదింపు తరగతికి తీసుకురండి.